దూరపు కొండలు

కొండ ఎక్కడానికి ముందుగా కావలసిందేమిటి అని అడిగితే మీరేం చెబుతారు? ధైర్యం అంటారు. కాళ్లలో సత్తువ అంటారు. కాస్త లోకం తెలిసినవారైతే డబ్బు అంటారు. నేనూ వరసగా ఆ మూడూ చెప్పాను. మా చెల్లాయి మూడింటికీ తల అడ్డంగా వూపి, వంటింట్లో ఫ్రిజ్ తలుపుకి అంటించి వున్న ఒక కాయితం చూపించింది.

పాలు, ఉల్లిపాయలు, పిల్లాడి స్కూలు ఫీజు - మనం రాసుకుంటామే, అలాంటి కాయితమే. పైన 'వెళ్లడం' అని రాసి, కింద నాలుగంటే నాలుగు లైన్లు. ఆ తర్వాత 'తిరిగి రావడం' అని రాసి, దాని కింద పంతొమ్మిది లైన్లు.

"ఇదేమిటే? తల చిన్నదీ తోక పెద్దదీను!" అన్నాను.

"కొండ ఎక్కడమంటే అదే అక్కా," అంది.

మా చెల్లాయి వుండేది జెనీవాలో. నలభై యేళ్ల మనిషి. ఉద్యోగం, మొగుడు, తొమ్మిదేళ్ల కొడుకు, కుండీలో కరివేపాకు మొక్క - అన్నీ వున్న ఇల్లాలు. ఈ వేసవిలో ఒక నెల్లాళ్లు వాళ్లింట్లో గడిపి వద్దామని వెళ్లానా, వెళ్లిన మూడోనాడే ఈ కబురు. జూన్ నెలాఖరున తాను మోఁ బ్లాఁ ఎక్కబోతోంది!

నేను నవలలు రాసుకునేదాన్ని. కొండలతో నాకున్న పరిచయమల్లా బెజవాడ దుర్గమ్మ కొండ మెట్లు, తిరపతి ఘాట్ రోడ్డు మీద బస్సులో కళ్లు తిరగడం - అంతే. ఈ మోఁ బ్లాఁ అలాంటిది కాదు. ఫ్రాన్సుకీ ఇటలీకీ సరిహద్దులో వున్న ఆల్ప్స్ శిఖరం. ఎత్తు 4,800 మీటర్ల పైచిలుకు. పైచిలుకు అని ఎందుకంటున్నానంటే, నెత్తిమీద పేరుకున్న మంచుని బట్టి ఆ ఎత్తు మారిపోతూ వుంటుందట. 2021లో కొలిస్తే 4,807.81 మీటర్లు తేలింది. 2023లో కొలిస్తే 4,805.59. రెండేళ్లలో రెండు మీటర్లకి పైగా తరుగు. మన బంగారం కొట్టువాడు కూడా అంత తరుగు తియ్యడు!

మబ్బు లేని రోజున జెనీవా సరస్సు ఒడ్డున నిలబడితే ఆ శిఖరం కనబడుతుంది. మధ్యలో సుమారు 70 కిలోమీటర్ల దూరం. అంత దూరం నుంచి అది చిలికి తీసిన వెన్నముద్దలా, చేత్తో తడమబుద్ధేసేలా వుంది. దూరపు కొండలు నునుపు అని మన పెద్దవాళ్లు వూరికే అన్నారా!

"ఆ నునుపు చూసి మోసపోకుండా వుండటానికే ఈ కాయితం," అంది చెల్లాయి.

ఆ నెల్లాళ్లూ వాళ్ల భోజనాల బల్ల మీద కంచాల కన్నా పటాలే ఎక్కువ పరుచుకుని వున్నాయి. నాకు అర్థమైనంత వరకు మీకూ చెబుతాను.

ఆ కొండ మీద 3,835 మీటర్ల ఎత్తున, గూటే అనే చోట ఒక బస వుంది. 2013లో కట్టిన కొత్త కట్టడం. 120 మందికి పడకలు. ముందుగా పేరు రాయించుకోనిదే చోటివ్వరు. చెల్లాయి చలికాలంలోనే రాయించుకుంది. ఆ బసలో పడుకుని, రాత్రి రెండింటికి లేచి, నెత్తికి దీపం కట్టుకుని నడక మొదలెట్టాలి.

"అర్ధరాత్రేమిటే, దొంగల్లాగా?" అన్నాను.

రాత్రి చలికి మంచు గట్టిపడి వుంటుందట. ఎండెక్కిన కొద్దీ అది మెత్తబడి కాళ్లు దిగబడతాయి. అంతేకాదు. మంచు నది - హిమానీనదం అని చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో చదువుకున్నాం, గుర్తుందా? చూడ్డానికి నిలిచిపోయినట్టు వుంటుంది గాని, అది నడుస్తూనే వుంటుంది. నడుస్తూ నడుస్తూ వంపు తిరిగిన చోట పగులుతుంది. ఎండాకాలంలో చెరువు అడుగున నెర్రెలు విచ్చుకోవూ, అలాగ. కాకపోతే ఇవి మనిషి నిలువునా దిగిపోయే నెర్రెలు. వాటి మీద కొత్త మంచు పడి పైన కప్పులా మూసేస్తుంది. అప్పుడిక నెర్రె కనబడదు. తెల్లగా, నున్నగా, తివాచీ పరిచినట్టు వుంటుంది. అంటే దగ్గరికి వెళ్లినా ఆ కొండ నునుపే! ఆ నునుపు కిందే మృత్యువు.

అందుకని ఒక్కళ్లుగా నడవరు. మార్గదర్శి, మరిద్దరు - ముగ్గురూ నడుములకి ఒకే తాడు కట్టుకుని, మధ్యలో దూరం వదిలి నడుస్తారు. ఒకరు నెర్రెలోకి జారితే తక్కిన ఇద్దరూ బూట్ల కింది ఇనప ముళ్లు మంచులోకి తన్నిపట్టి, వాళ్లని నిలబెట్టాలి. ఏడడుగులు నడిచిన మొగుడు కూడా అంత గట్టిగా కట్టుబడి వుండడు కాబోలు!

ఇన్నీ వివరంగా చెప్పి, చెల్లాయి మెల్లిగా అంది: "బస చేరే లోపల ఒక రాళ్లగాడి వుందక్కా. వంద మీటర్ల లోపే. దాన్ని అడ్డంగా దాటాలి. పైనించి రాళ్లు పడతాయి. ఆ రాళ్లని మంచే జిగురులా అతికి పట్టుకుని వుంటుంది. ఎండ తగిలితే జిగురు కరుగుతుంది."

2022 వేసవిలో ఎండలు మండిపోతే, ఆ గాడిలో రాళ్లు ఎడతెరిపి లేకుండా దొర్లాయట. మార్గదర్శులు ఆ దారిని వెళ్లడం మానుకున్నారు. అయినా కొందరు సొంతంగా ఎక్కుతూనే వున్నారు. దాంతో కింద సెయిఁ జెర్వే అనే ఊరి మేయరుకి ఒళ్లు మండి, ఎక్కదలచిన వాళ్లు 15,000 యూరోలు ముందుగా కట్టాలని ప్రతిపాదించాడు. 10,000 రక్షించే ఖర్చుకి, 5,000 అంత్యక్రియలకి!

ఇది విన్నాక నా నోరు వూరుకుంటుందా? "నువ్వు తల్లివి కదే!" అన్నాను.

అనేశాక నాకే సిగ్గేసింది. ఎందుకంటే, అదే మాట ఇంకొకామెని లోకం ఎలా అందో నాకు తెలుసు. అలిసన్ హార్‌గ్రీవ్స్ అని బ్రిటన్ దేశస్థురాలు. 1995 మే నెలలో ప్రాణవాయువు సిలిండరు లేకుండా ఎవరెస్టు ఎక్కింది. అదే యేడు ఆగస్టులో కె2 శిఖరం ఎక్కి, దిగి వస్తూ తుఫానులో చనిపోయింది. ఆరేళ్ల కొడుకు, నాలుగేళ్ల కూతురు. పత్రికలు దుమ్మెత్తి పోశాయి - అంత పసివాళ్లని వదిలి ఒక తల్లి ఎలా వెళ్లిందని. మరుసటి యేడు మే నెలలో న్యూజిలాండు మార్గదర్శి రాబ్ హాల్ ఎవరెస్టు మీద చిక్కుబడి చనిపోయాడు. అప్పుడు ఆయన భార్య గర్భవతి. కొండ కొన మీద నుంచి ఆమెతో మాట్లాడిన ఆఖరి మాటలు విని లోకం కంట తడి పెట్టింది. పెట్టవలసిందే. కానీ, పుట్టబోయే బిడ్డని వదిలి ఒక తండ్రి ఎలా వెళ్లాడని ఎంతమంది అడిగారు?

"కనక ఆ ప్రశ్న మా ఆయన్ని అడిగినట్టుగానే నన్నూ అడుగు," అంది చెల్లాయి. "తల్లికో న్యాయం, తండ్రికో న్యాయం వద్దు. ఇంట్లో మనుషులున్న ఎవరికైనా ఆ హక్కు వుందా లేదా - అది అడుగు."

మా మరిది ఆ పక్కనే గిన్నెలు తుడుస్తున్నాడు. "నన్ను రెండేళ్ల నించీ అడుగుతూనే వుంది వదినగారూ. ఈ యేడు సరేనన్నాను," అన్నాడు.

"ఎందుకన్నావయ్యా?"

"ఆ కాయితంలో రెండో భాగం పెద్దదయ్యాక అన్నాను."

ఇక్కడ మీకు ఇంకొకావిడ సంగతి చెప్పాలి. ఆమె పేరు ఆన్రియెత్ దాఁజ్‌విల్. 1838లో మోఁ బ్లాఁ ఎక్కింది. అప్పటికామె వయసు 44. సరిగ్గా నా వయసు! జెనీవాలో ఆమె స్నేహితులంతా మతిపోయిందా అన్నారు. ఆమె వినలేదు. వీలునామా రాసింది. లంగాలతో మంచు మీద నడవడం కుదరదని తనే లాగూతో సహా ఒక దుస్తు కుట్టించుకుంది. ఆరుగురు మార్గదర్శులు, ఆరుగురు కూలీలు. వంట సామాను జాబితా చూస్తే పెళ్లివారి విడిది అనుకుంటారు. 24 కోళ్లు, 18 సీసాల ద్రాక్షసారా, పొట్టేలు తొడలు, చాక్లెట్లు, ఎండు పళ్లు... ఎంత వెళ్లినా ఆడదాని పెట్టెలో తిండి సామాను తగ్గదు చూడండి!

సెప్టెంబరు 4న ఆమె శిఖరం చేరింది. అయితే ఆ ఆఖరి ఏటవాలు మీద ఆమెకి గుండె దడదడలాడి, కళ్లు మూతలు పడి, అడుగు పడటం మానేసిందట. అప్పుడామె తన మనుషుల దగ్గర ఒక మాట తీసుకుందట - 'నేను దారిలో చచ్చిపోతే నా దేహాన్నైనా పైకి చేర్చండి' అని.

నేనీ కథ విని పొంగిపోయాను. చెల్లాయి పొంగలేదు.

"గొప్ప మనిషే. అరవై తొమ్మిదో యేట కూడా కొండలెక్కింది. కానీ ఆ మాట మట్టుకు నాకొద్దు," అంది. "పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు, కనక ఆమె ఆ మాట అనగలిగింది. చచ్చిపోయినా పైకే వెళ్లాలని ఆమె పట్టు. బతికుండగానే వెనక్కి రావాలని నా పట్టు. ఆమె జాబితాలో ఇరవై నాలుగు కోళ్లున్నాయి. నా జాబితాలో ఒక గంట వుంది."

ఆ గంట సంగతి చెబుతాను. అసలు ఈ వ్యాసమంతా దాని కోసమే.

'తిరిగి రావడం' కింద మొట్టమొదటి లైను ఇది: 'ఉదయం 9. ఎక్కడున్నా సరే.' అంటే తొమ్మిదయ్యేసరికి శిఖరం ఇంకా పది నిమిషాల దూరంలో వున్నా, చెయ్యి చాస్తే అందేలా వున్నా, వెనక్కి తిరగవలసిందే.

"అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చు కదే. పది నిమిషాలకేం?" అన్నాను.

"అక్కడికి వెళ్లాక చూసుకోలేం. అదే చిక్కు. ఆ ఎత్తులో పీల్చే గాలిలో ప్రాణవాయువు ఇక్కడి దాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. కాళ్ల కన్నా ముందు బుర్ర అలిసిపోతుంది. అన్నిటికీ సై అంటుంది. అక్కడ నిర్ణయించేది నేను కాదు, నాలో వున్న ఆశ. అందుకని కడుపు నిండా అన్నం తిని, పక్కన పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని, ఇక్కడ నిర్ణయించాలి."

రాబ్ హాల్ విషయంలో జరిగింది ఇదే. మధ్యాహ్నం రెండు దాటితే వెనక్కి తిరగాలన్నది ఆ కొండ మీద తెలిసిన వాళ్లంతా పాటించే లెక్క. తన వెంట వచ్చిన ఒకాయనకి శిఖరం చూపించాలని హాల్ నాలుగు దాటేదాకా పైనే వుండిపోయాడు. దుర్మార్గం వల్ల కాదు, జాలి వల్ల. కొండ జాలినీ లెక్కలోకి తీసుకోదు, దురాశనీ లెక్కలోకి తీసుకోదు. గడియారాన్నే లెక్కలోకి తీసుకుంటుంది.

ఈ మాటలు జరుగుతుండగా మా బుజ్జిగాడు రంగు పెన్సిలు తీసుకుని వచ్చాడు. "అమ్మా, తొమ్మిది వద్దు. ఎనిమిది," అన్నాడు. వాళ్లమ్మ వాడి మొహం వంక ఒక్క నిమిషం చూసి, తొమ్మిది కొట్టేసి ఎనిమిది చెయ్యమని వాడికే ఇచ్చింది. వాడు ఎర్ర పెన్సిలుతో లావుగా దిద్దాడు. శిఖరం చేరే అవకాశంలో ఒక గంట తెగిపోయింది. తెంచింది వాడు. ఒప్పుకుంది ఆమె.

నాకు ఆ క్షణంలో గొంతుకేదో అడ్డం పడింది. అయినా నా సందేహం నాకు తీరలేదు. ఇంట్లో వాళ్లు సరే. ఇంట్లో లేని వాళ్ల మాటేమిటి? 1956 డిసెంబరు ఆఖరున ఇద్దరు కుర్రాళ్లు, ఝాఁ వాఁసెఁదోఁ, ఫ్రాఁస్వా ఆఁరీ, అదే కొండ మీద చలికాలపు మంచులో చిక్కుబడ్డారు. వాళ్లని దింపబోయిన హెలికాప్టరే కూలిపోయింది. అందులో వాళ్లని బతికించడమే గగనమైంది. చివరికి ఆ ఇద్దరు కుర్రాళ్లని మంచులోనే వదిలెయ్యవలసి వచ్చింది. ఆ ఘోరం తర్వాతనే 1958లో అక్కడ పోలీసుల రక్షణ దళం ఒకటి ఏర్పడింది. ఆ దళంలో వున్న వాళ్లకీ ఇళ్లుంటాయి. వాళ్ల పిల్లల చేతికి ఎవరూ ఎర్ర పెన్సిలు ఇవ్వరు గదా!

ఇది అడిగితే చెల్లాయి వాదించలేదు. "దానికి నా దగ్గర జవాబు లేదక్కా. బీమా కట్టాను. గాలి హెచ్చితే బస దాటను. మార్గదర్శి వద్దంటే మారు మాటాడను. వాళ్లని పిలవవలసిన అగత్యం రాకుండా ఎంత చెయ్యొచ్చో అంతా చేశాను. మిగిలింది అప్పే. ఆ అప్పుతోనే వెళుతున్నాను," అంది. జవాబు వున్నట్టు నటించనందుకు నాకు దాని మీద గౌరవం పెరిగింది.

ఆ రాత్రి పిల్లాడు నిద్రపోయాక అసలు పిడుగు వేసింది. "పంతొమ్మిదో లైను చదివావా?"

చదవలేదు. వెళ్లి చూశాను. 'అక్క ఒప్పుకోవాలి' అని వుంది. పక్కన ఖాళీ.

"నేను రాకపోతే వాడికి అమ్మ తరఫు మనిషివి నువ్వే. నువ్వు వద్దంటే వెళ్లను," అంది.

"వద్దనే అంటానని తెలుసుగా!"

"తెలుసు. అమ్మ అడిగినప్పుడు నువ్వు వద్దన్నావు. ఎలా వద్దన్నావో కూడా నాకు తెలుసు. ఈసారీ వద్దను, నాకేం కోపం లేదు. కానీ కాయితం అంతా చదివి అను."

ఇక నిద్రేం పడుతుంది?

అమ్మ సంగతి ఇది. నాన్న పోయాక అమ్మ బెజవాడలోనే మా అన్నయ్య దగ్గర వుండేది. శుక్రవారం శుక్రవారం దుర్గమ్మ కొండ మెట్లెక్కేది. 2013లో, అరవై నాలుగో యేట, తనకి కేదారనాథ్ చూడాలని వుందంది. మే నెలాఖరున పక్కింటి పిన్నిగారి వాళ్లు పదిమంది కలిసి వెళుతున్నారు. "నన్నూ పంపించండర్రా," అంది. ఆవిడ జన్మలో మమ్మల్ని అడిగిన కోరిక అదొక్కటే.

అన్నయ్య మోకాళ్లన్నాడు. నేను చలన్నాను. ఈ వయసులో ఎందుకమ్మా అన్నాను. అప్పుడే జెనీవాలో ఉద్యోగానికి చేరిన చెల్లాయి ఒక్కతే ఫోన్లో, "వెళ్లనివ్వండి," అంది. దాని మాట ఎవరు విన్నారు? ప్రేమ కొద్దీ ఆపుతున్నామనుకున్నాం. అమ్మ మళ్లీ అడగలేదు.

జూన్ 16, 17 తేదీల్లో కేదారనాథ్‌లో ప్రళయం వచ్చింది. గుడి పైనున్న చోరాబారీ మంచునది దగ్గరి చెరువు తెగి, ఊరి మీద పడింది. టీవీలో ఆ దృశ్యాలు చూసి మేం అమ్మని పట్టుకుని ఏడ్చాం. "చూశావా అమ్మా, ఆపబట్టి కదా!" అన్నాం. చుట్టాలంతా మమ్మల్ని మెచ్చుకున్నారు. కొన్నాళ్లపాటు నేనే ఈ కథ పదిమందికీ చెప్పుకున్నాను, తల్లిని కాపాడుకున్న కూతురిగా.

ఆ కథలో నేను చెప్పని ముక్క ఒకటుంది. పక్కింటి పిన్నిగారి వాళ్లు జూన్ మొదటి వారంలోనే క్షేమంగా తిరిగి వచ్చేశారు. అమ్మకి ప్రసాదమూ, మూత బిగించిన చిన్న రాగి చెంబుతో గంగా తెచ్చి ఇచ్చారు. అంటే అమ్మ వాళ్లతో వెళ్లి వున్నా క్షేమంగానే వచ్చి వుండేది. వరదకీ, మేం ఆపడానికీ ఏ సంబంధమూ లేదు. అమ్మ ఒక్కసారి మాత్రం, బియ్యంలో రాళ్లేరుతూ, "వాళ్లు ముందే వచ్చేశారు కదే," అంది. నేను విననట్టు వూరుకున్నాను.

ఇంకా నిజం చెప్పమంటారా? మేం చలికి భయపడీ కాదు, మోకాళ్లకి భయపడీ కాదు. తోడు వెళ్లాలంటే నాకు సెలవు దొరకదు, అన్నయ్యకి డబ్బు ఇబ్బంది, అమ్మ లేకపోతే ఆ ఇంట్లో వంటకి ఇబ్బంది. ఎవరమూ ఒక కాయితం తీసుకుని కూర్చోలేదు. ఆవిడ మోకాళ్ల సంగతి డాక్టర్ని అడగలేదు. డోలీలూ గుర్రాలూ వుంటాయని కనుక్కోలేదు. 'వద్దు' అనడానికి మాకు ఒక్క నిమిషం పట్టింది. ఆ తర్వాత వరద వచ్చి, ఆ ఒక్క నిమిషానికీ వివేకం అని పేరు పెట్టి పోయింది.

2019లో అమ్మ తన మంచం మీదే, మా అందరి మధ్యా పోయింది. దేవుడి గూట్లోంచి ఆ రాగి చెంబు తీసి, మూత విప్పి, రెండు చుక్కలు నోట్లో పోశాం. కేదారానికి అంతవరకే చేరింది అమ్మ.

కనక, చదువరులారా, నాకు తోచినది ఇది. మనం మంచిచెడ్డల్ని ఫలితాన్ని బట్టి తేలుస్తాం. క్షేమంగా వస్తే 'ఎంత ధైర్యం!' అంటాం. రాకపోతే 'ఎంత పొగరు!' అంటాం. మనిషి ఒక్కటే, చేసిన పని ఒక్కటే, వేసుకున్న లెక్కా ఒక్కటే - మధ్యలో ఒక రాయి దొర్లిందా లేదా అన్నదే తేడా. రాయి దొర్లడం మీద ఆధారపడిన నీతి నీతెలా అవుతుంది? అది అదృష్టం. ఒక నిర్ణయం మంచిదో చెడ్డదో తేలవలసింది దాన్ని తీసుకున్న నాడే. ఎవరెవరి బతుకులు దానికి ముడిపడి వున్నాయో వాళ్లందర్నీ కూర్చోబెట్టుకున్నామా? నునుపు వెనక వున్న నెర్రెలు లెక్కపెట్టుకున్నామా? వెనక్కి తిరిగే గంట రాసుకున్నామా? ఇవన్నీ చేసి 'సరే' అన్నా న్యాయమే, 'వద్దు' అన్నా న్యాయమే. ఇవేవీ చెయ్యకుండా అన్న 'వద్దు', ఎంత ప్రేమతో అన్నా, బద్ధకమే. మేం అమ్మకి చేసింది అదే. ఫలితం మా వైపుంది గాని న్యాయం మా వైపు లేదు.

మర్నాడు పొద్దున్నే కాఫీ కలుపుకుని, కాయితం తీసుకుని, పరీక్ష పేపరు దిద్దే పంతులమ్మలా కూర్చున్నాను. ఒక్కో లైనూ చదివి అడిగాను. నాలుగు వేల మీటర్ల గాలికి ఒళ్లు అలవాటు పడటానికి ముందు వారం ఇటలీలో గ్రాన్ పరదీసో అనే శిఖరం ఎక్కుతుందట, సరే. వీలునామా రాసిందట, చెయ్యి వణికినా, సరే. పిల్లాడి ఈత క్లాసుకి ఎవరు తీసుకెళతారు? అదీ రాసి వుంది.

ఆరో లైను దగ్గర ఆగాను. "ఎనిమిదికి వెనక్కి తిరిగితే, బసకి ఏ పదిన్నరకో చేరతావు. అదే రోజు కిందికి దిగాలంటే ఆ రాళ్లగాడి దగ్గరికి ఎన్నింటికి వస్తావే?"

చెల్లాయి లెక్క కట్టి, నాలుక కరుచుకుంది. "మిట్టమధ్యాహ్నం."

"ఎండ వేళ, జిగురు కరిగే వేళ. ఆ రాత్రీ బసలోనే పడుకుని, తెల్లవారు జామున, చలిలో దాటు."

"రెండో రాత్రికి చోటు లేదక్కా."

"లేకపోతే తేదీ మార్చుకో. లేదా మానుకో."

అది మార్గదర్శికి ఫోను చేసింది. ఆయనా అదే మంచిదన్నాడట. రెండు రాత్రులకీ చోటు దొరికిన తేదీ వారం రోజులు వెనక్కి వెళ్లింది. దుర్గమ్మ కొండ మెట్లు దాటి ఎరగని నేను మోఁ బ్లాఁ ఆరోహణలో ఒక లైను దిద్దాను! ఆ తర్వాతనే పంతొమ్మిదో లైను పక్కన, తెలుగులో, సంతకం పెట్టాను.

భయం పోయిందా? పోలేదు. సంతకం పెట్టినంత మాత్రాన రాళ్లు పడటం మానేస్తాయా? రేపు ఏదైనా జరిగితే ఆ సంతకం నన్ను జన్మంతా కాలుస్తుంది. తెలిసే పెట్టాను. అమ్మ విషయంలో నేను తప్పించుకున్నది సరిగ్గా ఈ బరువునే.

ఇది హైదరాబాదు తిరిగి వచ్చాక, మా వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. అది కొండెక్కే రోజు ఇంకా రాలేదు. ఈ పుట మీ చేతికి వచ్చేసరికి ఆ రోజు దాటిపోయి వుంటుంది. ఏమైందో రాయమని మీరు నాకు ఉత్తరాలు రాయకండి. ఫలితం చెబితే, మీరు దాన్ని బట్టే మా అక్కచెల్లెళ్లిద్దర్నీ తూకం వేస్తారు. అది వద్దనే కదా ఇంత రాసింది!

వాళ్ల ఎనిమిది గంటలంటే మనకి పదకొండున్నర. నేను పప్పుకి తాలింపు పెట్టే వేళ. ఆ రోజు గోడ గడియారం కింద నిలబడి, ఎర్ర పెన్సిలుతో లావుగా దిద్దిన ఆ ఎనిమిదిని తలుచుకుంటాను. అది శిఖరం మీదుందా, కిందుందా అన్నది నాకక్కర్లేదు. ఆ నిమిషాన అది ఇంటి వైపు తిరిగిందా లేదా - అదొక్కటే.